స్టోన్‌వేర్, డిజైనర్ కంచాలు మన రోజువారీ తిండికి ఆగుతాయా? వాడినవాళ్లు చెప్పండి

సాగరతీరం_వైజాగ్
అందరికీ నమస్కారం. మధురవాడలో కొత్త ఫ్లాట్‌లోకి మారాం. స్టీలు కంచాల బదులు ఇప్పుడు అందరి ఇళ్లలో కనిపిస్తున్న ఆ మట్టిరంగు, బూడిదనీలం రంగు స్టోన్‌వేర్ ప్లేట్లు కొందామని మా ఆవిడ పట్టు. ఫోటోల్లో మాత్రం కళ్లు తిప్పుకోలేం. 16 ముక్కల సెట్ ఒకటి, ఎనిమిది వేల చిల్లర, కార్ట్‌లో పెట్టి ఉంచాను. షోకేసులో పెట్టుకోవడానికి కాదండీ, రోజూ తినడానికే. ఇంట్లో మేమిద్దరం, బాబు, అమ్మ, నాన్న. పసుపు మరకలు, ఆవకాయ నూనె, చింతపండు పులుసు, గ్రానైట్ గట్టు... ఇవన్నీ తట్టుకుంటాయా? జైపూర్ నీలం గిన్నెలు కూడా చూశాను, పచ్చళ్లు వడ్డించడానికి బాగుంటాయి అనిపించింది. వాడుతున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

కూకట్‌పల్లి_కోడలు
ముందు ఒక్క పని చేయండి. ఆ ఫోటోలో ప్లేటు మీద ఏం పెట్టారో చూడండి. రెండు టోస్టు ముక్కలు, ఏదో ఆకు, పక్కన ఫోర్కు. అవునా? ఆ ప్లేటు దానికోసమే చేశారు. బల్లపరుపుగా ఉంటుంది, అంచు పైకి లేవదు. దాంట్లో మీ నాన్నగారికి చారన్నం వడ్డించి చూడండి, చారు టేబుల్ క్లాత్ మీద, అన్నం ప్లేట్లో మిగులుతాయి. మా ఇంట్లో అదే జరిగింది. మామయ్యగారు ఏమీ అనలేదు, మర్నాడు పొద్దున లేచి తన స్టీలు కంచం తనే తీసుకుని కూర్చున్నారు.

రంగు తర్వాత, అంచు ముందు. అంచు కనీసం రెండు, రెండున్నర సెంటీమీటర్లు పైకి లేచి ఉండాలి.

సింకు_సైనికుడు
అంచుతో పాటు బరువు కూడా చూసుకోండి మాస్టారూ. మా ఇంట్లో గిన్నెలు తోమే డ్యూటీ నాది కాబట్టి సాధికారికంగా చెబుతున్నా. స్టోన్‌వేర్ డిన్నర్ ప్లేటు ఒక్కోటి ముప్పావు కిలో దాకా తూగుతుంది. పెద్దవాళ్లు ఒంటిచేత్తో పట్టుకుని లేవడం కష్టం. ఇంకోటి, గోడకి కొట్టిన స్టీలు స్టాండు ఉంటుందే, దాని కడ్డీల మధ్య సందు స్టీలు కంచాల మందానికి చేసినది. ఇవి అందులో పట్టవు. పట్టినా ఆ బరువుకి మేకులు ఊడతాయి.

గూడూరు_డిప్లొమా
నేను గూడూరులో సిరామిక్ టెక్నాలజీ డిప్లొమా చేశాను. ఆ చదువుకి కాస్తయినా న్యాయం చేసే థ్రెడ్ ఇన్నాళ్లకు దొరికింది, కొంచెం పెద్దగా రాస్తా.

"సిరామిక్" అనే ఒక్క మాట కింద కొట్లో నాలుగైదు వేరువేరు సరుకులు అమ్ముతారు. తేడా అంతా మట్టిలో, కాల్చిన వేడిలో ఉంది. మన కుండలు, టెర్రకోట లాంటివి వెయ్యి డిగ్రీల చుట్టుపక్కల కాలతాయి. నీళ్లు పీలుస్తాయి, అందుకే కుండలో నీళ్లు చల్లబడతాయి. స్టోన్‌వేర్ 1200 నుంచి 1300 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆ వేడికి మట్టిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కరిగి, పలుగురాయి పొడి రేణువుల మధ్య సందులన్నీ పూడ్చేస్తుంది. చల్లారాక దాదాపు రాయే. అప్పుడు పైన గ్లేజ్, అంటే గాజులాంటి పూత, కాస్త దెబ్బతిన్నా లోపలికి పులుసు ఇంకదు. పోర్సిలిన్ అంటే తెల్లటి చైనా క్లేతో చేసి ఇంకా బాగా కాల్చినది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే పల్చటి కప్పులో నుంచి వేళ్ల నీడ కనిపిస్తుంది.

చిక్కేమిటంటే తక్కువ వేడిలో కాల్చిన ఎర్తెన్‌వేర్‌ని కూడా మందంగా చేసి, మట్టిరంగు గ్లేజ్ పూసి "స్టోన్‌వేర్ లుక్" అని అమ్ముతున్నారు. ఆ "లుక్" అనే మాట దగ్గర ఆగండి. ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. ప్లేటు తిరగేస్తే అడుగున గ్లేజ్ లేని వలయం ఉంటుంది. దాని మీద నీటిచుక్క వేయండి. చుక్క చుక్కలా నిలిస్తే మంచిది, ఇంకిపోతే కాదు. ఇంకా గట్టిగా తెలుసుకోవాలంటే వంటింటి డిజిటల్ త్రాసు మీద పొడి ప్లేటు తూచి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తుడిచి మళ్లీ తూచండి. 800 గ్రాముల ప్లేటు 40 గ్రాములు పెరిగిందంటే 5 శాతం నీళ్లు తాగింది. రోజువారీ తిండికి అది వద్దు. 2 శాతం లోపు ఉంటే నిశ్చింతగా వాడుకోండి.

అమ్మమ్మ_జాడీ
బాబూ గూడూరూ, చక్కగా చెప్పావు నాయనా. నాకు ఇలా అర్థమైంది, మా ఇంట్లో ఊరగాయ జాడీ కూడా నువ్వు చెప్పే ఆ స్టోన్‌వేరే కదా? పైన గోధుమరంగు, కింద తెలుపు. మా అత్తగారి కాలంనాటిది. ఏడాదికేడాది ఆవకాయ వేస్తున్నా, ఇంతవరకు కారలేదు. దాన్ని వదిలేసి కొత్తగా ఫ్యాషన్ జాడీలు కొంటున్నారు మా కోడళ్లు.

గూడూరు_డిప్లొమా
అవును పిన్నిగారూ, అసలైన స్టోన్‌వేర్ మీ దగ్గరే ఉంది. పాతవాటిలో కొన్నిటికి ఉప్పు గ్లేజ్ ఉండేది. బట్టీ బాగా కాగాక అందులోకి ఉప్పు విసిరేవాళ్లు. ఉప్పులోని సోడియం ఆవిరై మట్టిలోని సిలికాతో కలిసి గాజుపొరలా పట్టేస్తుంది. వేలితో తడిమితే నారింజ తొక్కలా సన్నటి గుంటలు తగులుతాయి. పులుపు, ఉప్పు, నూనె ఏవీ దాన్ని కదపలేవు.

ఒక్క జాగ్రత్త. లోపలి గ్లేజ్‌లో వెంట్రుకవాసి గీతలు పడి, వాటిలోకి నూనె దిగి నల్లగా కనిపిస్తుంటే మాత్రం ఊరగాయకి వద్దు. కర్రలు పెట్టుకోండి, గొడుగులు పెట్టుకోండి.

ఫ్రిస్కో_పెరడు
టెక్సస్ నుంచి. ఇక్కడ మేము సీసం గురించి భయపడినంత దేని గురించీ భయపడం. గ్లేజ్ తక్కువ వేడిలో కరగడానికి, మెరవడానికి పాతకాలం నుంచి సీసం కలిపేవారు. ఎరుపు, పసుపు, నారింజ రంగులు కొన్నిటికి కాడ్మియం అనే విషలోహం కూడా వాడతారు. సరిగ్గా కాల్చకపోతే పులుపు తగిలినప్పుడల్లా కొంచెం కొంచెం తిండిలోకి దిగుతుంది. ఇక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షలో గిన్నెలో 4 శాతం ఎసిటిక్ యాసిడ్ పోసి 24 గంటలు ఉంచి, ఎంత సీసం దిగిందో కొలుస్తారు. పళ్లేలకు 3 పీపీఎం (పది లక్షల్లో 3 భాగాలు) దాటకూడదు, కప్పులకు 0.5. మన తిండిలో చింతపండు, నిమ్మకాయ, మామిడికాయ, టమాటా, పెరుగు లేని రోజు ఏది? అందుకని ఈ లెక్క అమెరికా వాళ్లకంటే మనకే ఎక్కువ అవసరం.

ఇండియాలో దీనికి ఏమైనా ప్రమాణం ఉందా?

గూడూరు_డిప్లొమా
ఉంది. మన దేశపు ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ల ఐఎస్ 9806. తిండికి తగిలే సిరామిక్, గాజు, ఎనామిల్ పాత్రల నుంచి సీసం, కాడ్మియం ఎంత దిగవచ్చో, ఎలా కొలవాలో అందులో ఉంటుంది. "లెడ్ ఫ్రీ" అని స్టిక్కర్ వేసినవాళ్లని టెస్ట్ రిపోర్ట్ పంపమని అడగండి. మంచి కంపెనీ అయితే పంపుతుంది. ఫోటోల మీద ఫోటోలు పంపి రిపోర్ట్ మాట దాటేస్తే మీకే అర్థమవుతుంది.

ఇంట్లో రుద్ది చూసే స్ట్రిప్పులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అవి ఉన్నదాన్ని లేదని, లేనిదాన్ని ఉందని చెప్పగలవు. వాటిని నమ్ముకుని నిర్ణయాలు తీసుకోవద్దు.

మట్టిచేతులు
హైదరాబాద్‌లో చిన్న స్టూడియో నడుపుతున్నాను, చక్రం మీద పని. సాగరతీరం గారు జైపూర్ గిన్నెల్లో పచ్చడి అన్నారు కాబట్టి ఆగలేక రాస్తున్నా. దయచేసి వద్దు.

జైపూర్ బ్లూ పాటరీలో అసలు బంకమట్టే ఉండదు. పలుగురాయి పొడి, గాజు పొడి, ముల్తానీ మట్టి, బొరాక్స్, జిగురు కలిపి ముద్ద చేస్తారు. అది చక్రం మీద లేవదు, అందుకే అచ్చుల్లో ఒత్తుతారు. నీలం కోబాల్ట్ ఆక్సైడ్‌ది, ఆ ఆకుపచ్చ కలిసిన నీలం రాగి ఆక్సైడ్‌ది. కాల్చేది సుమారు 800 డిగ్రీల దగ్గరే. పెళుసుగా ఉంటుంది, నీళ్లు పీలుస్తుంది, గ్లేజ్‌లో సీసం వాడిన సంప్రదాయం ఉంది. కృపాల్ సింగ్ షెఖావత్ లాంటి చిత్రకారుడు పూనుకుని నిలబెట్టిన కళ అది. గోడ మీద టైల్‌గా, తలుపు గుబ్బగా, దీపం స్టాండుగా పెట్టుకోండి, ఇల్లంతా వెలుగొస్తుంది. మాగాయ మాత్రం అందులో వేయకండి.

ఇలాంటిదే ఇంకో పొరపాటు మనవాళ్లు చేస్తుంటారు. వెండి తీగలా మెరిసే గీతలతో నల్లటి మట్టి పూలకుండీలు చూసి "మన నిజామాబాద్‌వే" అంటారు. ఆ నిజామాబాద్ తెలంగాణది కాదు, ఉత్తరప్రదేశ్‌లో ఆజంగఢ్ జిల్లాలోది. అవీ అలంకారానికే. వండుకోవడానికి పనికొచ్చే నల్లపాత్రలు కావాలంటే మణిపూర్ లాంగ్‌పీవి ఉన్నాయి. సర్పెంటైన్ రాయి పొడి, మట్టి కలిపి, చక్రం లేకుండా చేత్తోనే చేస్తారు. పొయ్యి మీద నేరుగా పెట్టొచ్చు.

సాగరతీరం_వైజాగ్
బాబోయ్, రెండు ప్లేట్ల గురించి అడిగితే కెమిస్ట్రీ క్లాసు అయింది 🙂 కానీ చాలా ఉపయోగం. జైపూర్ గిన్నెలు వద్దు, ఒప్పుకున్నాం. మా అమ్మ ఇంకో ప్రశ్న అడగమంది. బోన్ చైనాలో నిజంగానే ఎముకలు ఉంటాయా? మేం శాకాహారులం.

గూడూరు_డిప్లొమా
నిజంగానే. పశువుల ఎముకలు కాల్చిన బూడిద, అందులో దాదాపు సగం దాకా ఉండొచ్చు. ఇంగ్లండ్‌లో స్టోక్ ఆన్ ట్రెంట్ దగ్గర జొసాయా స్పోడ్ 18వ శతాబ్దం చివర్లో ఈ మిశ్రమాన్ని స్థిరపరిచాడు. ఆ తెలుపు, ఆ గట్టిదనం బూడిదలోని కాల్షియం ఫాస్ఫేట్ వల్లే. మీ అమ్మగారికి అభ్యంతరమైతే పోర్సిలిన్, స్టోన్‌వేర్ తీసుకోండి, వాటిలో ఎముక ఉండదు. లా ఒపాలా లాంటి ఓపల్‌వేర్ అయితే అసలు సిరామిక్కే కాదు, గాజు. "న్యూ బోన్ చైనా" అని రాసినవాటిలో చాలావరకు ఎముక బూడిద ఉండదు, అయినా కొట్లో అడిగి తీసుకోండి.

అమ్మమ్మ_జాడీ
ఇంతకాలం చుట్టాలకి అందులో కాఫీ ఇచ్చానే! మడి కట్టుకుని తాగినవాళ్లున్నారు. సరే, చెప్పకపోవడమే మంచిది.

ఫ్రిస్కో_పెరడు
😂😂 పిన్నిగారూ, ఈ పోస్టు వాళ్ల పిల్లలు చదవకుండా ఉంటే చాలు.

సాగరతీరం గారికి నా సలహా ఒకటే. 16 ముక్కల సెట్ కొనకండి. అందులో మీకు పనికొచ్చేవి ఎన్ని? నాలుగు పెద్ద ప్లేట్లు, నాలుగు చిన్న ప్లేట్లు, నాలుగు గిన్నెలు, నాలుగు మగ్గులు. మీరు ఐదుగురు. మొదటిరోజే ఒకరికి తక్కువ. మగ్గులు చూస్తే 350 మిల్లీలీటర్లు, మన కాఫీ అందులో అడుగున కనిపిస్తుంది. ఏడాది తర్వాత ఒక ప్లేటు పగిలితే ఆ రంగు ఆపేసి ఉంటారు. విడిగా దొరికే రకం చూసుకోండి.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఫిన్లాండ్‌లో కాయ్ ఫ్రాంక్ 1953లో కిల్టా అనే వరస తెచ్చింది ఇందుకే. అంతకుముందు యూరప్ ఇళ్లలో సూప్‌కి ఒకటి, సాస్‌కి ఒకటి అంటూ పెద్ద డిన్నర్ సర్వీసు మొత్తంగా కొనాలి. ఆయన పూలు, బంగారు గీతలు తీసేసి, వంటకీ వడ్డనకీ పనికొచ్చే సాదా ఆకారాలు చేసి, ఏది కావాలంటే అదే విడిగా కొనుక్కునేలా పెట్టాడు. అదే 1981లో టీమా పేరుతో మళ్లీ వచ్చింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. కాలిఫోర్నియాలో ఈడిత్ హీత్ 1948లో పెట్టిన హీత్ సిరామిక్స్‌దీ దాదాపు అదే దారి. వాళ్ల కూప్ ఆకారం ప్లేటుకి చదునైన అంచు ఉండదు, చుట్టూ మెల్లగా పైకి లేస్తుంది. మా ఇంట్లో పప్పన్నం అందులోనే కలుపుకుంటాం. ధర మాత్రం గుండె ఆగేలా ఉంటుంది, ఇండియా నుంచి తెప్పించుకోమని చెప్పను.

కూకట్‌పల్లి_కోడలు
ఆ ఆకారం ఇక్కడా దొరుకుతుంది. "కూప్ ప్లేట్", "పాస్తా బౌల్" అని వెతకండి. పాస్తా బౌల్ అన్నది నిజానికి మన అన్నం కంచమే. 22, 23 సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల లోతు ఉన్నవి చూడండి. పేరు చూసి మనకి కాదనుకుని వదిలేస్తాం. హైదరాబాద్‌లో 2018లో ఐకియా తెరిచాక ఇలాంటివి చేత్తో పట్టుకుని చూసి కొనే వీలు వచ్చింది, లేకపోతే అంతా ఫోటో చూసి మోసపోవడమే. ఆన్‌లైన్‌లో ఒక కంపెనీ నుంచి నేను తెప్పించిన ఆరు ప్లేట్లలో రెండు గట్టు మీద పెడితే ఊగుతున్నాయి. వాపసు అడిగితే "చేతిపని, అలాగే ఉంటుంది" అన్నారు.

మట్టిచేతులు
చేతిపని పేరు చెప్పి లోపాన్ని అమ్మడం మా అందరికీ చెడ్డపేరు. రంగులో తేడా, చుక్కలు, వేళ్ల గుర్తు, ఇవి చేతిపని. ఊగడం, అంచు మీద పదునుగా గ్లేజ్ లేని చోటు, లోపల సూదిరంధ్రాలు, ఇవి లోపాలు. మా స్టూడియోలో ఊగే ప్లేటు అమ్మకానికి పెట్టం.

ధర సంగతి కూడా చెప్పేస్తా. స్టూడియోలో ఒక డిన్నర్ ప్లేటు వెయ్యిన్నర, రెండువేలు అంటే "ఖుర్జాలో నాలుగొందలకి వస్తుంది" అంటారు. వస్తుంది. ఢిల్లీకి దగ్గరలో బులంద్‌షహర్ జిల్లాలో ఉన్న ఆ ఊరు మొత్తం సిరామిక్ మీదే బతుకుతుంది, మీరు చూసే ఆన్‌లైన్ బ్రాండ్లలో చాలామంది సరుకు అక్కడిదే. వాళ్లు అచ్చులతో, యంత్రాలతో వందల లెక్కన చేస్తారు. నాణ్యత కూడా బాగానే ఉంటుంది. రోజువారీ కంచాలకి ఖుర్జా సరుకే కొనమని నేనే చెబుతా. స్టూడియో వస్తువు ఇష్టంగా ఒకటో రెండో కొనుక్కోండి. ఒక పెద్ద వడ్డన గిన్నె, ఒక పెరుగు గిన్నె, కాఫీ కప్పులు. రోజూ చేతిలో పట్టుకునే కప్పుకి చేతిపని తేడా తెలిసినంతగా ప్లేటుకి తెలియదు.

పాండిచ్చేరి వెళ్లే పని ఉంటే అక్కడ స్టూడియోలు తిరగండి. రే మీకర్, డెబోరా స్మిత్ 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టాక ఆ ఊరు, ఆరోవిల్ స్టోన్‌వేర్‌కి పెట్టింది పేరు. దేశంలో ఇప్పుడు స్టూడియో పాటరీ చేస్తున్నవాళ్లలో చాలామంది అక్కడ నేర్చుకున్నవాళ్లో, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లో.

సింకు_సైనికుడు
మ్యాట్ గ్లేజ్ గురించి ఎవరూ మాట్లాడలేదేం? ఆ మెరుపు లేని నల్లప్లేట్లు ఫోటోలో రాజసంగా ఉంటాయి. నా సింకులోకి వచ్చాక వాటి మీద పెన్సిల్‌తో గీసినట్టు బూడిదరంగు గీతలు. ప్లేటు గీసుకుపోయిందని మా ఆవిడ నా మీద కేసు పెట్టింది.

గూడూరు_డిప్లొమా
మీరు నిర్దోషి. గీసుకుపోయింది ప్లేటు కాదు, చెంచా. స్టీలు కంటే గ్లేజ్ గట్టిది. మ్యాట్ గ్లేజ్ పైభాగం కంటికి కనిపించనంత గరుకుగా ఉంటుంది, స్టీలు చెంచా, స్టీలు పీచు దానికి రాసుకుని లోహం అంటుకుంటుంది. వంటసోడా తడిపి ముద్దగా చేసి మెత్తటి గుడ్డతో రుద్దితే చాలావరకు పోతుంది. చేత్తో తినే ఇంట్లో ఈ బాధ సగం ఉండదు, వడ్డించే గరిటెలు కర్రవి పెట్టుకుంటే సరి. రోజువారీకి మాత్రం లోపల మెరిసే గ్లేజ్, బయట మ్యాట్ ఉన్నవి తీసుకోండి. చూడ్డానికీ బాగుంటాయి, కడగడానికీ సుఖం.

పసుపు మరకలు మ్యాట్‌కే ఎక్కువ పడతాయి. కడిగి ఎండలో పెట్టండి, పసుపు రంగు ఎండకి విరిగిపోతుంది. వైజాగ్ ఎండకి ఒక మధ్యాహ్నం చాలు.

మైక్రోవేవ్ సంగతి: బంగారు, వెండి అంచు ఉన్నది ఏదీ లోపల పెట్టకండి, నిప్పురవ్వలు వస్తాయి. మిగతావాటికి, పక్కన గ్లాసుతో నీళ్లు పెట్టి ఖాళీ ప్లేటుని ఒక నిమిషం తిప్పండి. నీళ్లు వేడెక్కి ప్లేటు చల్లగా ఉంటే మంచిది. ప్లేటే చేయి కాలేలా వేడెక్కితే అది నీళ్లు పీల్చే రకం. మెలమైన్ ప్లేట్లు చూడ్డానికి పింగాణీలా ఉన్నా ప్లాస్టిక్కే, వాటిని మైక్రోవేవ్ దరిదాపులకి రానివ్వకండి.

తెనాలి_టీకప్పు
మధ్యలో దూరుతున్నా. పగిలిన కప్పుని జపాన్ వాళ్లలా బంగారంతో అతికించుకోవచ్చంటూ కిట్లు అమ్ముతున్నారు. అలా అతికించిన దాంట్లో టీ తాగొచ్చా?

మట్టిచేతులు
వద్దు. ఆ జపాన్ పద్ధతి పేరు కింత్సుగి. అసలైన దాంట్లో ఉరుషి అనే చెట్టు లక్కతో అతికించి, వారాల తరబడి గట్టిపడనిచ్చి, ఆ గీత మీద బంగారం పొడి అద్దుతారు. కిట్లలో ఇచ్చేది ఎపాక్సీ జిగురు, బంగారు రంగు పొడి. వేడి టీకి అది పనికిరాదు. పెన్నులు పెట్టుకోండి.

సాగరతీరం_వైజాగ్
అందరికీ ధన్యవాదాలు. కార్ట్ ఖాళీ చేశాం. ఐదు లోతు ప్లేట్లు, ఒకటి అదనంగా, లోపల మెరుపు, బయట మ్యాట్, ఖుర్జా సరుకు, విడిగా. టెస్ట్ రిపోర్ట్ అడిగితే మెయిల్ చేశారు. నీటిచుక్క పరీక్ష నాన్నే దగ్గరుండి చేశారు, చుక్క నిలిచింది. పచ్చళ్లకి మామూలు తెల్ల పోర్సిలిన్ గిన్నెలు. వడ్డన గిన్నె ఒకటి స్టూడియోది తీసుకుందామనుకుంటున్నాం, మట్టిచేతులు గారూ, మీకు విడిగా మెసేజ్ పెట్టాను. అమ్మ స్టీలు కంచం వదలనంది, అది వేరే సంగతి.

ఆఖరిగా ఒకటి. బాల్కనీ మొక్కలకి సిరామిక్ కుండీలు కొన్నాం, అడుగున చిల్లు లేదు. వేయించుకోవచ్చా?

మట్టిచేతులు
వేసుకోవచ్చు. మామూలు గోడ డ్రిల్ బిట్టు కాదు, గాజుకి, టైల్స్‌కి వాడే డైమండ్ బిట్టు అడగండి, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. కుండీ బోర్లించి, చిల్లు వేసే చోట మాస్కింగ్ టేప్ అంటించి, నెమ్మది స్పీడులో వేయండి. హ్యామర్ మోడ్ ఆపేయాలి. ఒకరు డ్రిల్ పట్టుకుంటే, డ్రిల్‌కి తగలకుండా బిట్టు మొన దగ్గర బాటిల్‌తో నీళ్లు చుక్కలుగా పోస్తూ ఇంకొకరు ఉండండి. కరెంటు పని కాబట్టి నీళ్ల విషయంలో జాగ్రత్త, బ్యాటరీ డ్రిల్ అయితే మేలు. చివర్లో నొక్కకండి, అక్కడే పగులుతుంది.